వీరుల శపథము: బొబ్బిలి, పద్మనాభ రణములు

కళింగాంధ్రమున వీరధర్మమును గూర్చి విచారింపబూనువారికి రెండు రణభూములు ముఖ్యాధారములు. ఒకటి బొబ్బిలి, అచ్చట 1757 జనవరి 24వ తేదీన యుద్ధము జరిగెను. రెండవది పద్మనాభము, అచ్చట 1794 జూలై 10వ తేదీన యుద్ధము జరిగెను. బొబ్బిలి, 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడువరకును విశాఖపట్టణ మండలములోనిదే. పద్మనాభము నేటికిని విశాఖపట్టణము జిల్లాలోనిదే. మొదటి రణమున విజయనగర ప్రభువు గెలిచినవాడు. రెండవ రణమున నా వంశమువాడే యోడినవాడు. మొదటిదానిలో వెలమవీరులును, రెండవదానిలో రాచవారును తమ ప్రభువుతో గూడ నేలకొరిగిరి. కులములు వేరు, పక్షములు వేరు, ఎదిరించిన శత్రువులు వేరు. చేసిన యొట్టు మాత్ర మొక్కటియే.

ఈ యొట్టు స్వరూప మెట్టిది? అది యెవరి కిచ్చిన మాట? ఆ మాటకు మేర కలదా, లేదా? కథకులును కవులును శౌర్యమును బొగడినంతగా ఈ ప్రశ్నలను విచారింపలేదు. పాఠశాలలలో బాలురకు బొబ్బిలికథ చెప్పునపుడు "మాట తప్పరాదు" అనునదియే నీతిగా జెప్పబడుచున్నది. ఆ నీతి మంచిదే. కాని యే మాట యిచ్చుటకు మనుష్యున కధికారము కలదు అను విచారము లేనిచో నా నీతి సగమే యగును. ఆ రెండవ సగము బొబ్బిలికథలోనే యున్నది. దానిని జూపుట యీ వ్యాసమునకు బ్రయోజనము.

1. శబ్దవిచారము

శపథశబ్దము శప ధాతువువలన గలిగినది. ఈ ధాతువునకు ఆక్రోశ మర్థము. అనగా తిట్టుట, శపించుట. శాపమును శపథమును ఒకే ధాతువు బిడ్డలు. పరునిపై బ్రయోగించిన తిట్టు శాపము. "ఈ మాట తప్పినచో నాకు గీడు మూడుగాక" యని తనపై దాను వేసికొన్న నియమముతో గూడిన తిట్టు శపథము. ఈ మూలార్థము నేటి వాడుకలోను జెడలేదు. ఒట్టు పెట్టుకొనువాడు తన కన్నులు పోవుననియో, తనకు బుట్టగతులు లేకుండుననియో తన్ను దానే తిట్టుకొనును గాని యెదుటివానిని దిట్టడు.

వైయాకరణులు ఈ ధాతువు విషయమున జెప్పిన రెండు విశేషములు వీరధర్మ విచారమునకు మిక్కిలి యుపకరించును. మొదటిది: ఒట్టుపెట్టుకొనుట యను నర్థమున శప ధాతువు ఆత్మనేపదమును బొందునని వార్తికకారుడు విధించెను. కాశికాకారులు ఆ యర్థమును వివరించుచు, అది వాక్కుతో శరీరమును స్పృశించుట వంటిదనిరి. తలపై జేయి యుంచి యొట్టు వేసికొను మన యాచారమునకు ఇంతకంటె జక్కని వ్యాఖ్య దొరకదు. రెండవది: ఎవ్వనికి దెలియజేయగోరి శపథము చేయుదురో వానికి సంప్రదానసంజ్ఞ కలుగునని పాణిని చెప్పెను. అందుచేత "దేవదత్తునకు" ఒట్టుపెట్టుకొనుచున్నాడని చతుర్థి వచ్చును. అనగా వినువాడు లేని యొట్టు లేదు.

ప్రతిజ్ఞాశబ్దముగూడ నిట్టిదే. ప్రతి యను నుపసర్గముతో గూడిన జ్ఞా ధాతువు, ఉత్కంఠతో స్మరించుట యను నర్థము కానప్పుడు, ఆత్మనేపదమును బొందును. ఈ ప్రతిజ్ఞయే తెలుగున బ్రతిన యైనది. ఆజ్ఞ యాన యైనది. భాష బాస యైనది. ఒట్టు దేశ్యము. ఈ నాలుగు మాటలకును సూక్ష్మభేదము కలదు. బాస యిరువురి నడుమ నడచునది. ఆన పెద్దవాని పేరుమీద బెట్టునది. ప్రతిన సభలో బలుకునది. ఒట్టు శరీరమును దాకునది. ఒట్టునకు విడుదలయు గలదు. "ఒట్టు తీసి గట్టున బెట్టు" మని లోకమున నను మాట యిందుకు సాక్షి. వినువాడు ఒట్టు తీసివేసినచో నది తీరిపోవును. వినువాడు మరణించినచో దీయగలవా డెవడు? ఈ ప్రశ్న బొబ్బిలిలో వచ్చినది.

శపథమున కట్లు మూడంగములు తేలినవి. చేయువాడు కర్త. వినువాడు సంప్రదానము. తప్పినచో, నెరవేర్చునపుడైనను, ఒడ్డబడునది పణము. ఆత్మనేపదమును జూచి, పణము కర్తదే కావలెనను ధర్మము శబ్దమువలననే సిద్ధించెనని తొందరపడి చెప్పరాదు. ఏలన, క్రియాఫలము కర్తకు జెందునపుడు వచ్చు నాత్మనేపదము వేరు. ఇచ్చట అర్థవిశేషమునుబట్టియు, ఉపసర్గమునుబట్టియు విధింపబడినది వేరు. కావున నిది ప్రమాణము కాదు, దృష్టాంతము మాత్రమే. అయినను మంచి దృష్టాంతము. శపథమున దన శరీరమునే స్పృశింపవలెను గాని పరుని శరీరమును గాదు. వీరుల చరిత్రలు ఈ మాటను నిరూపించునో, ఖండించునో చూడవలసియున్నది.

2. కల్పిత వీరులు, చారిత్రక వీరులు

పాశ్చాత్య వాఙ్మయమున శపథబద్ధులైన వీరులలో నార్థరు రాజు గుండ్రబల్ల వీరులు సుప్రసిద్ధులు. ఆ కొలువు కవికల్పితము. సర్ థామస్ మాలరీ యను నాంగ్లరచయిత వారి కథలను వచనమున గూర్పగా, కాక్స్టన్ అను ముద్రాపకుడు 1485లో నచ్చొత్తించెను. అందు వీరులు ప్రతివత్సరమును పెంతెకొస్తు పండుగనాడు శపథమును క్రొత్తగా జేయుదురు. దౌర్జన్యమును గాని హత్యను గాని చేయకుండుట, ద్రోహమును విడుచుట, శరణన్నవానిని గాచుట, స్త్రీలకు దోడ్పడుట, ధనముకొరకో ప్రేమకొరకో అన్యాయమైన పక్షమున బోరకుండుట యందలి నియమములు. వీనిలో గడపటి నియమము గమనింపదగినది. ప్రభువు పిలిచెను గదా యని యన్యాయయుద్ధమునకు బోవుటకు వీలులేదు. ఆ శపథము రాజు చేయించినదే యైనను రాజు శరీరమునకు గాక, యొక నడవడికి గట్టుబడినది.

తెలుగుదేశమున నిట్టి నియమావళి వ్రాతపూర్వకముగా నేర్పడిన వీరసంఘ మున్నట్లు చెప్పుటకు వీలులేదు. కాని శపథబద్ధులైన వీరులున్నారు. వారిలో బల్నాటివారు మొదటివారు. 12వ శతాబ్ది చివరి కాలమునకు జెందిన యా కథను శ్రీనాథుని పేర బ్రసిద్ధమైన మంజరీద్విపదకావ్యమునుండియు, వీరవిద్యావంతులు పాడు పాటలనుండియు మన మెరుగుదుము. బ్రహ్మనాయుడు కులభేదమును బాటింపక తన వీరుల నందరను ఒకే పంక్తిని గూర్చుండబెట్టి భోజనము చేయించెను, అదియే చాపకూడు. మాలవారి వీరుడైన కన్నమదాసు అతనికి బుత్రప్రాయుడు, సేనానాయకుడు. బాలచంద్రుని తోడివారు వేర్వేరు కులములవారు. వారిలో బ్రాహ్మణుడైన యనపోతు యుద్ధమున జచ్చినచో బ్రహ్మహత్య కలుగునని బాలచంద్రు డతనిని నెపముమీద వెనుకకు బంపగా, ఆ యనపోతు మిత్రులతో గూడ జచ్చు భాగ్యము తనకు దప్పెనని తెలిసికొని యాత్మహత్య చేసికొనెనని కథ. ఇక్కడ సంప్రదానము ప్రభువు కాదు, సహపంక్తి. ఒకే చాపమీద దినిన తోడివారు. పణము తన ప్రాణము మాత్రమే. కారెంపూడి వీరులగుడియొద్ద గార్తికమాసమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను నైదుదినముల యుత్సవము నేటికిని నడచుచుండుటకు ఈ సహపంక్తిస్మృతియే జీవము.

రెండవ తెగవారు లెంకలు. కాకతీయకాలపు శాసనములలో నీ మాట కనబడును. లెంక యన బంటు, ప్రభువునకు నమ్మినవాడు. పొరుగున గన్నడదేశమున నీ ధర్మము మిక్కిలి తీవ్రరూపమును బొందెను. హొయసల రాజులయొద్ద గరుడులను వీరు లుండిరి. ప్రభువు మరణించినచో వా రాత్మార్పణము చేసికొందురు. 13వ శతాబ్ది మొదటి పాదమున రెండవ బల్లాలునితో గూడ దనువు చాలించిన కువర లక్ష్ముని స్తంభము హళేబీడు హొయసలేశ్వరాలయముకడ నున్నది. తమ తలలను దామే నరకుకొను వీరుల రూపములు దానిపై జెక్కబడియున్నవి. ఇచ్చట సంప్రదానము ప్రభువొక్కడే. అతడు గతించినను ఒట్టు తీరదు. గతించుటయే యొట్టును బండించును.

ప్రభుమరణమున కింకొక సమాధానముగూడ దెలుగుదేశమున గలదు. 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనమున, రుద్రమదేవియు ఆమె సేనాని మల్లికార్జుననాయకుడును శివలోకమున కేగగా వారి పుణ్యముకొరకు బువ్వుల ముమ్మడి యనువాడు దేవునికి భూమి నిచ్చెనని యున్నది. ఈ సేవకుడు ప్రభువుతో జావలేదు. ప్రభువు పేర దాన మిచ్చెను. రుద్రమదేవి మరణకాలమును జరిత్రకారులు నిర్ణయించుట కీ దానశాసనమే యాధారమైనది. చచ్చి చూపిన భక్తికంటె బ్రతికి చూపిన భక్తి తక్కువ ఫలము నీయలేదనుటకు ఇదియొక సాక్ష్యము.

3. బొబ్బిలి

బొబ్బిలి వృత్తాంతమునకు మూలములు రెండు విధములు. దేశీయములలో దిట్టకవి నారాయణకవి రంగారాయచరిత్రమును, పెద్దాడ మల్లేశము పేర వ్యాప్తిచెందిన బొబ్బిలికథయు ముఖ్యములు. ఈ కథను జంగముకథకులు కళింగాంధ్రమున నూరూర బాడిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు దీనిని బరిష్కరింపగా 1956లో బ్రకటితమయ్యెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు దీనినే నాటకముగా రచించిరి. విదేశీయములలో ముఖ్యమైనది రాబర్టు ఓర్ము వ్రాసిన యుద్ధచరిత్రము. యుద్ధము జరిగిననాడు ఓర్ము చెన్నపట్టణమున గుంపిణీ యుద్యోగిగా నుండెను. కావ్యములు వీరరసమును బోషింపవలెను. ఓర్మున కాయవసరము లేదు. కావున రెండును కలిసినచోట నమ్మకము హెచ్చును. భేదించినచోట విచారము కావలెను.

యుద్ధకారణమును సంగ్రహముగా జెప్పిన జాలును. విజయనగర ప్రభువైన పెద్దవిజయరామరాజునకును బొబ్బిలి ప్రభువైన రంగారావునకును పొరుగువైరము. ఉత్తర సర్కారులలో దన యధికారమును స్థాపించుకొనవచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీని విజయరామరాజు తనవైపునకు ద్రిప్పుకొనెను. బొబ్బిలిని విడిచి వేరొకచోట భూములను దీసికొమ్మని రంగారావునకు జెప్పబడెను. అతడు తాతతండ్రుల నేలను విడువ నొల్లడయ్యెను. ఫిరంగులు మట్టికోటను బగులగొట్టెను. కోటలోనివారు లొంగలేదు, గంటలకొలది పోరాడిరి.

ఇక గెలుపు లేదని తెలిసినపుడు రంగారావు తనవారిని గూర్చి యొక నిశ్చయమును దెలిపెను. స్త్రీలును బిడ్డలును శత్రువుల చేత జిక్కరాదు. ఓర్ము వ్రాతప్రకారము, వీరులు తమ యిండ్లకే నిప్పుపెట్టి, బయటికి రాబోయినవారిని దామే పొడిచి, మరల వచ్చి పోరాడుచు ఒక్కడైన శరణనక చచ్చిరి. రంగారావు తుపాకిగుండు తగిలి కూలెను. లోనికి బోయిన సైనికులు ఆ దృశ్యమును జూచి గెలిచిన సంతోషమును మరచిరని యాతడు వ్రాసెను.

తరువాతి ఘట్టమున శపథము స్పష్టముగా గనబడును. ప్రభువు శవమును జూచిన నలుగురు బంట్లు కోటలో నొక మూల దాగి, రాత్రివేళ బయలువెడలిరి. ఇద్దరు విజయరామరాజు డేరాలో జొచ్చి యాతని బొడిచి చంపిరి. మిగిలిన యిద్దరు పొదలలో వేచియుండిరి. మొదటివారు విఫలులైనచో నా పని తాము చేయుదుమని వారు ప్రమాణబద్ధులని ఓర్ము చెప్పుచున్నాడు. విజయరామరాజు దేహమున 32 గాయము లుండెనట. కావలివారు పైబడగా హంతకులు శవమును జూపి తమకు దృప్తి కలిగినదని చెప్పి చచ్చిరి. దేశీయకథలలో నీ కార్యము రాజాములో నుండి యుద్ధమునకు సమయమున నందుకొనలేకపోయిన తాండ్ర పాపారాయనిది. పేరు విషయమున మూలములు భేదించినను కార్యమున భేదింపవు.

వీరి శపథమును మూడంగములతో బరిశీలింపవలెను. కర్తలు బంట్లు. పణము వారి ప్రాణములే. తప్పించుకొనుట కుపాయ మాలోచించినవారు కారు. వారు చంపినవాడు శత్రుపక్షమున నాయకుడు, యుద్ధమునకు గారకుడు. రాత్రి నిద్రించువానిని జంపుట క్షాత్రధర్మమునకు విరుద్ధమనువా రుందురు. మహాభారతమున సౌప్తికపర్వమునందు అశ్వత్థామ కలిగిన యపకీర్తి వారికి దృష్టాంతము. ఆ దోషము దోషమే. కాని శపథమునకు సంబంధించినంతవరకు, సంప్రదానమైన ప్రభువు మరణించినను, ఒట్టు తీయగలవాడు లేనందున, నది వారిని వదలలేదు. వారు దానిని దమ శరీరములతో దీర్చిరి.

కోటలోని యింకొక శపథము గతి యట్టిది కాదు. అచ్చట గర్తలు వీరులు. పణము వారి ప్రాణములు మాత్రమే కాదు. ఇండ్లలోని స్త్రీల ప్రాణములు, బిడ్డల ప్రాణములు. రాణి మల్లమ్మ స్వయముగా మరణమును వరించెనని లోకప్రసిద్ధి. ఆమెవలె దమంతట దామే నిశ్చయించుకొన్న వనితల విషయమున, నది వారి శపథమే. దానిని వారి శౌర్యముగానే గణింపవలెను. నిశ్చయించుకొనక, తలుపువరకు వచ్చి పొడువబడినవారి మాట యేమి? బిడ్డల మాట యేమి? శపథమునకు వాక్కు శరీరము. మాటలు రాని శిశువు శపథము చేయజాలడు; చేయనివానిని బణముగా నొడ్డు నధికారము తండ్రికైనను లేదు. శత్రుసేనల వలన నానాడు స్త్రీలకు గలుగు భయము కల్పితము కాదు. దాని నెరిగినవారే యా నిశ్చయము చేసిరి. ఆ భయమును దలచి వారిని నిందింపకుండుట న్యాయమే. కాని నిందింపకుండుట వేరు, ఆదర్శముగా నిలుపుట వేరు.

4. వృద్ధుడు

ఈ యధికారము లేదని యానాడే గ్రహించినవా డొకడు కోటలో నుండెను. ఓర్ము వ్రాసిన చిన్న ఘట్ట మిది. పోరు ముగిసిన పిమ్మట ఒక వృద్ధుడు బాలు నొకనిని జేయిపట్టుకొని ఫ్రెంచి సేనలో ముఖ్యుడైన లా అనువాని కడకు వచ్చెను. ఈ బాలుడు రంగారావు కుమారుడనియు, తండ్రి యభీష్టమునకు విరుద్ధముగా దాను వీనిని గాపాడితిననియు జెప్పి యప్పగించెను. వృద్ధుని పేరు ఓర్ము చెప్పలేదు.

ఆ వృద్ధుడు ప్రభువు ఉప్పు తినినవాడే. ఆ యుప్పు తినినవారందరును ఒక దారిని బోవుచుండగా నతడొక్కడు వేరొక దారిని బోయెను. ప్రభువు మాటను మీరినాడు. ఆ సంగతిని దాచుకొననులేదు. శత్రువునెదుట దన యవిధేయతను దన నోటనే ప్రకటించినాడు. చావవలసిన దినమున బ్రతికియుండుట, వీరులలో బిరికివానివలె గనబడుట, ప్రభువు ముఖమును బరలోకమున నెట్లు చూతునను సంకోచము, ఇవన్నియు నాతడు భరించెను. ఆతడు పణముగా నొడ్డినది తన ప్రాణము కాదు, తన పేరు. ఆ పేరు నిజముగనే పోయినది.

అతడు గాపాడిన బాలుడు చిన్నరంగారావు. ఆ బాలుడు పెరిగి, పెక్కు కష్టములకు బాల్పడి, 1794లో గుంపిణీవారు విజయనగర సంస్థానమును విభజించినపుడు దన తండ్రి సీమను దిరిగి పొందెను. బొబ్బిలి వంశము నిలిచినది. యుద్ధస్థలమున 1891లో స్మారకస్తంభము నెత్తుటకు వంశమున నొకరు మిగిలియుండిరి. చచ్చినవారి కీర్తిని జెప్పుటకు బ్రతికినవాడు కావలెను. పాపారాయని కథ నిలుచుట కా వృద్ధుని యవిధేయతయు నొక కారణము.

5. పద్మనాభము

చిన్నరంగారావునకు సీమ దిరిగి లభించిన యా 1794వ సంవత్సరమే విజయనగరమునకు దుర్దినము. పెద్దవిజయరామరాజు మరణానంతరము ప్రభువైన యానందరాజు ఫ్రెంచివారిని విడిచి యాంగ్లేయుల పక్షమున జేరెను. 1758 డిసెంబరులో జందుర్తి రణమున వారి జయమునకు దోడ్పడెను. ఆ మైత్రి రెండవ తరమున దారుమారయ్యెను. ఆనందరాజు తరువాత దత్తతవలన సంస్థానమునకు వచ్చిన విజయరామగజపతిని పేష్కసు బాకీలకై గుంపిణీవారు నిర్బంధించిరి. 1793లో సంస్థానమును స్వాధీనపరచుకొనిరి. భరణమును దీసికొని మచిలీపట్టణమునకు బోయి యుండవలసినదని యాజ్ఞాపించిరి. ఆతడు పోలేదు. విజయనగరమును విడిచి, యనంతపద్మనాభస్వామి కొండదిగువ గుంతీమాధవస్వామి సన్నిధిని విడిసెను. రాచవారు తమ బంట్లతో వచ్చి యాతని జుట్టుకొనిరి.

గుంపిణీ సేనాని ప్రెండర్‌గాస్టు జూలై 10వ తేదీ తెల్లవారుజామున దాకెను. పోరు గంటయైన బట్టలేదు. విజయరామగజపతి కూలెను. రాచవారిలో ముఖ్యకుటుంబముల వీరు లాతని శవము చుట్టును వలయాకారమున బడియుండిరని గుంపిణీవారి వ్రాతలే చెప్పుచున్నవి. శత్రువు వ్రాసిన మాట గనుక దీనికి బ్రామాణ్య మెక్కువ.

ఈ వలయమే రాచవారి శపథమునకు శాసనము. ఆ దినమున గెలుపు నాశింపదగిన స్థితి లేదు. భరణమునకు సమ్మతించిన బ్రాణములు దక్కును. అయినను వచ్చినవారు తమంతట వచ్చిరి. పణము వారి శరీరములే. యుద్ధభూమికి స్త్రీలును శిశువులును దేబడలేదు. కుమారుడైన నారాయణబాబు కొండజమీందారుల యండను జేరెను. పిదప గుంపిణీవారు తగ్గించిన సీమతో సంస్థానము నతని కిచ్చిరి. బొబ్బిలిలో నొక వృద్ధుడు ప్రభువు మాటను మీరి చేయవలసివచ్చిన పని, పద్మనాభ వృత్తాంతమున నెవరి మాటను మీరకయే జరిగెను. తండ్రితో వీరులు చచ్చిరి. కుమారునితో వంశము నిలిచెను. శపథము తన మేరలో నిలిచినపు డెట్లుండునో తెలియుటకు పద్మనాభము మంచి యుదాహరణము. ఓడినవారి రణమగుటచేతనేమో దానికి బొబ్బిలికి వచ్చినంత కావ్యకీర్తి రాలేదు.

6. శాస్త్రసమ్మతి

శపథమునకు మేర కలదనుట యాధునికుల మాట యని కొందరు పండితులు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానము మహాభారతమున కర్ణపర్వమునందే యున్నది. గాండీవమును మరియొకని కిమ్మని యెవ్వడు తన్ను పలుకునో వానిని జంపుదునని యర్జునునకు రహస్యవ్రత ముండెను. కర్ణునిచే నొచ్చి శిబిరమునకు వచ్చిన ధర్మరాజు కోపమున నా మాటయే పలికెను. అర్జునుడు కత్తి దూసెను. కృష్ణుడు వారించి, సత్యమే పలుకుదునను వ్రతముతో దొంగలకు బాటసారుల జాడ చెప్పి నరకమునకు బోయిన కౌశికుని కథను వినిపించెను. పెద్దవానిని "నీవు" అని తృణీకరించి పలుకుట వధతో సమానము. అట్లు పలికి వ్రతమును దీర్చుకొమ్మనెను. అర్జును డట్లు చేసి, పశ్చాత్తాపమున దన్ను దాను జంపుకొనబోగా, ఆత్మస్తుతియే యాత్మహత్యతో సమానమని చెప్పి మరల వారించెను.

ఈ ఘట్టమున గృష్ణుడు మాట తప్పుమని చెప్పలేదు. పరుని కంఠము పణముగా నొడ్డిన శపథమును, పరుని కంఠమునకు హాని కలుగకుండ దీర్చు దారిని జూపినాడు. శపథము నిలిచినది, ధర్మరాజు బ్రతికినాడు. ఇదియే శపథవిషయమున శిష్టసమ్మతమైన మార్గము. బొబ్బిలి వృద్ధుడు పర్వములు చదివినవాడో కాడో; చేసినపని మాత్రము కృష్ణుడు చెప్పిన పనియే. ప్రభువునకు వంశముపై గల ప్రేమను నిలిపి, ఆ ప్రేమ కోపమున బలికిన మాటను విడిచినాడు.

7. ఉపసంహారము

కళింగాంధ్ర వీరుల యాదర్శములను క్రోడీకరించినచో నివి తేలుచున్నవి. ఉప్పు తినిన యింటిని విపత్తున విడువకుండుట. ఇచ్చిన మాటను, వినినవాడు గతించినను, నిలుపుట. ఓటమి నిశ్చయమని తెలిసినను తన పక్షమున నిలుచుట. శత్రువునెదుటనైనను నిజమునే చెప్పుట. ఈ నాలుగింటికి బొబ్బిలి, పద్మనాభములు రెండును సాక్ష్య మిచ్చుచున్నవి. పల్నాటివారు చేర్చిన యైదవది సహపంక్తి. వృద్ధుడు చేర్చిన యారవది మేర: ఒట్టు పెట్టుకొనువాడు తనదానినే యొడ్డవలెను.

మాలరీ కల్పించిన వీరుల నియమములలో నన్యాయపక్షమును విడువుమను మేర వ్రాయబడియున్నది. మన వీరులకు వ్రాతలేదు. కాని మేర లేకపోలేదు. అది యొక నిరాడంబరుని నడవడియందు వ్రాయబడియున్నది. బొబ్బిలికథను బాలురకు జెప్పు నుపాధ్యాయులు రంగారావు పట్టుదలను, మల్లమ్మ ధైర్యమును, పాపారాయని ప్రతినను జెప్పిన పిమ్మట, పొగలో నుండి బాలుని జేయిపట్టుకొని వచ్చిన వృద్ధుని గూడ జెప్పవలెను. ఆ మువ్వురి పేళ్లు బాలురు మరువరు. నాలుగవవానికి బేరు లేదు గనుక నాతని పనినైనను వారు జ్ఞాపకముంచుకొనునట్లు చేయుట యుపాధ్యాయుల భారము.